మీటర్ బోర్డుకి ఎల్ఈడీలు: 150 రూపాయల నీలం వెలుగు, దాని మీద కప్పిన తువ్వాలు

పది ఎల్ఈడీ బల్బుల ప్యాకెట్టు 150 రూపాయలకి కొన్నాను. ఇవాళ అందులో ఒక్కటి కూడా నా కారులో లేదు. రెండోసారి ఒక్కోటి 60 చొప్పున నాలుగు కొన్నాను, వాటిలో రెండు ఎనిమిది నెలలుగా మీటర్లో వెలుగుతున్నాయి, రెండు గ్లోవ్ బాక్సులో పడున్నాయి. ఈ రెండు రకాల గురించీ, రెండోవి బిగించిన ముసలాయన గురించీ రాయాలని చాన్నాళ్లుగా అనుకుంటూ బద్ధకించాను గానీ, మొన్న తెలిసినాయన బండెక్కితే లోపల అదే నీలం వెలుగు కనబడింది, ఆయన దాన్ని మురిపెంగా చూపిస్తున్నాడు కూడా. ఇంక ఆగలేదు.

మాది జయపురం. రాజస్థాన్‌ది కాదు, కోరాపుట్ జిల్లాది. కారు 2004లో నాన్న కొన్న మారుతి 800. ఒడిశాలో కొత్త బండ్ల నంబర్లు ఓఆర్ పోయి ఓడీ అయిపోయి ఇన్నేళ్లయినా దీని నంబరు ఇంకా ఓఆర్-10తోనే మొదలవుతుంది, అది చూసుకుంటే నాన్నకి అదో తృప్తి. ఇంజిన్‌కి ఢోకా లేదు. రాత్రి పూట మీటరు మాత్రం కనబడేది కాదు. స్పీడు ముల్లు నలభై దాటాక చీకట్లోకి వెళ్లిపోయేది, పెట్రోలు ఎంతుందో ఊహించుకోవాల్సిందే. ఇరవై ఏళ్ల బల్బు కదా, లోపలి తీగ అరిగి అరిగి ఆ లోహం ఆవిరై గాజుకి లోపలివైపు మసిలా పట్టేస్తుంది. తీసి చూస్తే ఒకటి మాడిపోయి ఉంది, రెండోది లాంతరు చిమ్నీలా నల్లగా ఉంది. ఆ పాత రకం బల్బులే కొత్తవి కొనుక్కొచ్చి పెట్టుకుంటే ఇరవై, ముప్ఫై రూపాయల్లో తేలిపోయే పని అది. నేను ఎల్ఈడీ అన్నాను.

ఊళ్లో కార్ల సామాన్లు అమ్మే షాపుకి వెళ్తే (పేరెందుకు లెండి, వాళ్ల దగ్గరే సీటు కవర్లు కూడా కొన్నాను, అవి బాగున్నాయి) కౌంటర్లో కుర్రాడు, "ఐస్ బ్లూ తీసుకోండి భయినా (ఒడియాలో అన్నా అని), ఇప్పుడందరూ ఇదే వేయిస్తున్నారు" అని పది బల్బుల ప్యాకెట్టు ముందు పెట్టాడు. ప్యాకెట్టు మీద మూడు గొప్పలున్నాయి: బ్యాటరీ ఆదా, వేడి ఉండదు, యాభై వేల గంటలు. ఇంటికొచ్చాక కాగితం మీద లెక్క వేశాను. నా మీటర్లోంచి తీసిన పాత బల్బులు 12 వోల్టులు, 3.4 వాట్లవి. రెండూ కలిపి ఏడు వాట్లు కూడా లేవు, అదే సమయంలో ముందు హెడ్‌లైట్లు రెండూ కలిపి నూటపది వాట్లు లాగుతుంటాయి. ఇందులో ఆదా అంటే పెళ్లి భోజనాల్లో ఉప్పు మిగిల్చినట్టు. యాభై వేల గంటలంటే, రోజూ రాత్రి గంటసేపు బండి నడిపినా దాదాపు 137 ఏళ్లు. నా పదిలో ఒకటి మూడో వారానికే రెపరెపలాడ్డం మొదలెట్టింది. చౌకవాటిలో కరెంటుని అదుపు చేసే సర్క్యూట్ ఏమీ ఉండదు, ఒక రెసిస్టర్ (కరెంటుకి అడ్డుపడే చిన్న ముక్క) పెట్టి వదిలేస్తారు. బండి ఆగి ఉన్నప్పుడు పన్నెండు వోల్టులుండే లైను ఇంజిన్ నడుస్తుంటే పద్నాలుగు దాటుతుంది. ఆ తేడాకే ఇవి అవస్థ పడతాయి.

బిగించడం నేనూ మా మేనల్లుడూ కలిసి ఆదివారం పొద్దున్న మొదలుపెట్టాం, భోజనాల వేళకి అయిపోతుందన్నాడు వాడు. సాయంత్రం నాలుగైంది. బ్యాటరీ ఎర్త్ వైరు ముందే తీశాం, అదొక్కటే మేం ఆ రోజు చేసిన తెలివైన పని. మీటర్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ తీసి బోర్డుని ముందుకి లాగితే రాదు, ఎందుకంటే స్పీడు మీటర్ వెనకాల కేబుల్ ఉంటుంది. ఇది గేర్ బాక్సు దగ్గర్నుంచి తిరుగుతూ వచ్చే నిజమైన కేబులు, ఇప్పటి బండ్లలోలాగా సెన్సారు, వైరు కాదు. చెయ్యి వెనక్కి పెట్టి దాని క్లిప్పు నొక్కి ఊడదీయాలి. గట్టిగా లాగారో, పని పెరిగినట్టే. మీటర్ వెనకాల బల్బులు ప్లాస్టిక్ హోల్డర్లలో ఉంటాయి, పావు తిప్పు తిప్పితే వచ్చేస్తాయి. ఆ హోల్డర్ తాకే రాగి గీతలు పల్చటి ప్లాస్టిక్ కాగితం మీద ఉంటాయి, వయసు మీద పడిన బండిలో అది అప్పడంలా పెళుసెక్కి ఉంటుంది. అక్కడ స్క్రూడ్రైవర్ పెట్టి ఎగదీయకండి, గీత చిరిగితే బల్బు కొత్తదైనా వెలగదు.

బల్బులు పెట్టి లైటు వేస్తే సగం వెలిగాయి, సగం లేదు. "మావయ్యా, సగం డూప్లికేట్ ఇచ్చాడు" అని మావాడు షాపుకి బయల్దేరబోయాడు. డూప్లికేట్ కాదు. పాత బల్బుకి ప్లస్, మైనస్ ఎటున్నా ఒకటే, ఎల్ఈడీకి అలా కుదరదు, ఒకవైపునుంచే కరెంటు పోనిస్తుంది. వెలగనిదాన్ని హోల్డర్‌లోంచి తీసి అటుదిటు తిప్పి పెడితే వెలుగుతుంది. అన్నీ మూసేశాక ఈ సంగతి తెలిస్తే మళ్లీ ఆ కేబుల్ దగ్గర్నుంచి మొదలెట్టాలి కాబట్టి, బోర్డు బయట ఉండగానే ఎర్త్ తగిలించి ఒకసారి వెలిగించి చూసుకోండి.

ఉత్సాహంలో మేం చేసిన అసలు తప్పు, మీటర్ వెలుగు బల్బులతో ఆగకపోవడం. ప్యాకెట్లో పది ఉన్నాయి కదా అని పట్టే చోటల్లా పెట్టేశాం, ఎర్రగా వెలగాల్సిన హెచ్చరిక లైట్లకి కూడా.

పగలు గరాజులో చూస్తే బ్రహ్మాండం. మేనల్లుడు ఫోటో తీసి స్టేటస్ పెట్టుకున్నాడు. వారం తిరక్కుండా ఒక్కొక్కటీ బయటపడింది. ఎల్ఈడీ తనకి ఎదురుగా ఉన్న చోటికే వెలుగు కొడుతుంది, పాత బల్బులా చుట్టూ పరచదు, దాంతో మీటర్ మీద రెండు చందమామలు, మధ్యలో చీకటి. నారింజ రంగు ముల్లు ఆ నీలంలో మట్టిరంగుకి తిరిగి, ఉందో లేదో అన్నట్టైంది. హ్యాండ్ బ్రేకు లైటు ఎర్రగా కాకుండా వెలిసిన గులాబీ రంగులో వచ్చింది. కారణం తర్వాత అర్థమైంది. తెల్ల ఎల్ఈడీ అంటే లోపల ఉండేది నీలం చిప్పే, దాని మీద పసుపు రంగు ఫాస్ఫర్ పూత, అంటే నీలం వెలుగు తగిలితే పసుపు వెలుగిచ్చే పొడి. (ఆ నీలం చిప్పు తయారు చేసిన అకసాకి, అమానో, నకమురాలకి 2014లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. ఎర్ర ఎల్ఈడీ 1962 నుంచీ ఉంది, నీలమే అందరికీ కొరుకుడు పడలేదు.) ఐస్ బ్లూ రకంలో నీలమే ఎక్కువ, ఎరుపు పాలు చాలా తక్కువ. అలాంటి వెలుగు ఎర్ర ప్లాస్టిక్ గుండా వస్తే ఇంక మిగిలేదేముంటుంది? ఎర్ర అద్దం వెనక ఎల్ఈడీ పెట్టాలనుకుంటే ఎర్ర ఎల్ఈడీయే పెట్టాలి.

ఇదంతా అందం సంగతి, దాంతో సర్దుకుపోవచ్చు. సుంకి ఘాట్ అలా కాదు.

కార్తీకంలో సాలూరులో మా ఆవిడ తరఫువాళ్ల పెళ్లి. ఇక్కడివాళ్లకి తెలుసు, జయపురం నుంచి సాలూరు వెళ్లాలంటే కోరాపుట్ ఎక్కి, సునాబెడ, సిమిలిగుడ, పొట్టంగి మీదుగా సుంకి దగ్గర కొండ దిగాలి, పాత 43 నంబరు హైవే, ఇప్పుడు 26. వెళ్లేటప్పుడు పగలు, ఏమీ తెలీలేదు. తిరుగు ప్రయాణంలో భోజనాలయ్యేసరికే పొద్దుపోయింది, ఘాట్ ఎక్కేసరికి మంచు దిగింది. చలికాలం ఆ పైన మంచంటే బానెట్ చివర కూడా కనబడదు ఒక్కోసారి. ఎదురుగా లారీలు, మలుపు మలుపుకీ హారను. బయట చూడ్డానికి ఏమీ లేని ఆ చీకట్లో నా మొహం ముందు నీలం ట్యూబ్‌లైటు. డ్రైవరు పక్క అద్దంలో ఆ మీటరే ప్రతిబింబం పడి, సైడ్ మిర్రర్‌లో చూడబోతే స్పీడు అంకెలు కనిపించాయి. వెలుగు తగ్గించే చక్రం నా బండిలో లేదు. ఉన్న బండ్లలో కూడా పాత రకం చక్రంతో ఎల్ఈడీ సరిగా తగ్గదు, కొంతదాకా అలాగే ఉండి ఒక్కసారిగా ఆరిపోతుంది. చివరికి వెనక సీట్లోంచి తువ్వాలు తీసుకుని మీటర్ మీద కప్పి నడిపాను. మా ఆవిడ కాసేపు ఊరుకుని, "ఇంతకీ మీటరు చూడ్డానికి వేయించారా ఆ లైట్లు, కప్పెట్టడానికా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు సునాబెడ మావయ్యకి ఫోన్‌లో చెప్తే (హిందుస్థాన్ ఏరోనాటిక్స్, అదే హెచ్‌ఏఎల్, ఇంజిన్ ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాడు, మిగ్ యుద్ధవిమానాల ఇంజిన్లు చేసిన ఫ్యాక్టరీ) తిట్టలేదు గానీ పాఠం చెప్పాడు. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడాలంటే ఇరవై నిమిషాలు, అరగంట పడుతుందట. చీకట్లో పనిచేసే కణాలు నీలానికి, పచ్చకి బాగా స్పందిస్తాయి, ముదురు ఎరుపుని దాదాపు పట్టించుకోవు. అందుకే పాత విమానాల కాక్‌పిట్లలో, సబ్‌మెరైన్లలో రాత్రి ఎర్ర దీపాలు పెట్టేవారు. "నువ్వు దానికి సరిగ్గా ఉల్టా పెట్టావు" అన్నాడు. ఆయనకి 'ఉల్టా' అనే మాట చాలా ఇష్టం.

ఇంకో బాధ కూడా ఉంది. బ్యాటరీ గుర్తు లైటు. ఇంజిన్ నడుస్తుండగా అది ఆరిపోవాలి, నాది మిణుగురులా మసగ్గా వెలుగుతూనే ఉంది. అంతే కాదు, పొద్దున్నే స్టార్ట్ చేశాక ఒకసారి గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే గానీ ఛార్జింగు అందుకునేది కాదు. బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమో పోయిందేమోనని టెన్షన్ పట్టుకుంది. ఒక మెకానిక్ చూసీ చూడగానే డైనమో మార్చేద్దాం అన్నాడు కూడా.

అప్పుడు వెళ్లాను ఈ ముసలాయన దగ్గరికి. బస్టాండు వైపు, రేకుల షెడ్డు, బోర్డు లేదు, ముందు రెండు ట్రాక్టర్లు, ఒక బొలెరో ఎప్పుడూ ఉంటాయి. ఆయనది బొబ్బిలి వైపు, ఇక్కడికొచ్చి నలభై ఏళ్లయిందట, కస్టమర్‌ని బట్టి ఒడియా, తెలుగు, దేశియా (ఇక్కడి కొండల్లో మాట్లాడే భాష) మార్చి మార్చి మాట్లాడతాడు. తాళం తిప్పి మీటర్ చూశాడు, డైనమో వైపు పోనే లేదు.

"ఎవుడెట్టేడు బాబూ ఇయ్యి?"

నేనే అన్నాను.

"పాత బల్బులు పారెయ్యలేదు కదా?"

మా మేనల్లుడు వాటిని ఊరగాయ సీసాలో దాచాడు, ఈ కథలో అదృష్టం ఏదైనా ఉంటే అదే. ఆయన చెప్పింది నా మాటల్లో: ఆ బ్యాటరీ లైటు ఉత్త లైటు కాదు. తాళం తిప్పగానే ఆ బల్బు గుండానే కొంచెం కరెంటు డైనమో లోపలి చుట్టకి వెళ్లి దాన్ని నిద్రలేపుతుంది. డైనమో లేచి తన కరెంటు తను ఇవ్వడం మొదలెట్టాక బల్బుకి రెండువైపులా ఒకే వోల్టేజీ వచ్చేస్తుంది, అందుకే ఆరిపోతుంది. ఎల్ఈడీ తీసుకునే కరెంటు మరీ తక్కువ, డైనమో లేవడానికి సరిపోదు, బద్ధకిస్తుంది. పైగా రెండువైపులా చిన్న తేడా ఉన్నా ఎల్ఈడీ మసగ్గా వెలుగుతుంది, పాత బల్బైతే ఆ కాస్తకి వెలగదు. పక్కన ఒక రెసిస్టర్ కలిపితే కుదురుతుందా అని అడిగితే, కుదురుతుంది, కానీ ఇరవై రూపాయల బల్బు చేసే పనికి నాకు రెండొందలు ఎందుకిస్తావు అన్నాడు. ఇలా మాట్లాడే మనిషిని మీ ఊళ్లో వెతుక్కోండి, బల్బు ఏ కంపెనీదన్నది తర్వాత సంగతి.

హెచ్చరిక లైట్లన్నిటికీ ఊరగాయ సీసాలోవి వెనక్కి పెట్టాడు. అవి ఎప్పుడో ఒకసారి వెలిగేవి, అరగలేదు, మసిబారలేదు, ఇంకో ఇరవై ఏళ్లు వస్తాయి. మీటర్ వెలుగుకి మాత్రం తన దగ్గరున్న పసుపు ఎల్ఈడీలు పెట్టాడు, ప్యాకెట్టు మీద 3000 కెల్విన్ అని ఉంది, అంటే పాత బల్బు రంగుకి దగ్గర. వీటికి ఒక్క తల మీదే కాకుండా నాలుగు పక్కలా కూడా చిప్పులున్నాయి, వెలుగు పక్కలకి కూడా పరుచుకుంటుంది. అయినా తల మీద చిప్పు కొట్టొచ్చినట్టు ఉంటుందని గరుకు కాగితంతో దాన్ని నాలుగుసార్లు రుద్దాడు, గాజు మీద ఆవిరి పట్టినట్టు మసకేసింది. చందమామలు మాయం. ఏ వీడియోలోనూ ఈ చిట్కా నాకు కనబడలేదు, లేదా నేను చూడలేదేమో.

కొన్ని మీటర్లలో బల్బు మీద రంగు రబ్బరు టోపీ ఉంటుంది, ఎల్ఈడీ పెడితే అది తీసేయాలి, లేకపోతే పట్టదు. నాకా అవసరం పడలేదు. పాత జీపులు, కొన్ని బైకుల సంగతి కూడా చెప్పాడు: రెండువైపుల ఇండికేటర్‌కీ మీటర్లో ఒకే లైటు ఉంటే అక్కడ మామూలు ఎల్ఈడీ పెట్టకూడదు. ఎడమకి వేస్తే కరెంటు ఒకవైపు నుంచి, కుడికి వేస్తే రెండోవైపు నుంచి వస్తుంది, ఎల్ఈడీ ఒకదానికే కొట్టుకుంటుంది.

ఖర్చు: నాలుగు బల్బులు 240, కూలి 200. రెండు బల్బులు చాలు, మరి నాలుగెందుకంటే రెండు దగ్గరుంచుకోమన్నాడు. ఇది ఆయన అమ్ముకునే తెలివేనని నాకు తెలుసు, 120 రూపాయలకి గొడవెందుకని ఊరుకున్నాను. గంటన్నరలో అయిపోయింది, కేబుల్‌కి కాస్త గ్రీజు కూడా పెట్టాడు, అడక్కుండానే.

ఎనిమిది నెలల వాడకం మీద చెప్తున్నాను. వెలుగు పాత రకం బల్బు కొత్తది పెడితే ఎంతుంటుందో అంతే ఉంటుంది, ఎక్కువ కాదు. పక్క అద్దంలో ప్రతిబింబం లేదు. నారింజ ముల్లు నారింజగానే కనబడుతోంది, ఈ పసుపు వెలుగులో ఎరుపు పాలుంది కదా. ఈమధ్య మళ్లీ రాత్రిపూట సుంకి ఎక్కాను, వానలో, తువ్వాలు అవసరం రాలేదు. బాగోలేనిది ఒకటుంది: ఏసీ, హీటరు గుర్తుల వెనక పాత బల్బు అలాగే ఉంది, దాని వెలుగు మీటర్ ముందు వెలవెలబోతోంది, రెండూ రెండు బండ్లవి అన్నట్టుంటాయి. మార్చనా అంటే ఆయన, "ఆ బల్బు దగ్గరికి చెయ్యెల్లాలంటే సగం డ్యాష్ బోర్డు ఇప్పాల, పోయినప్పుడు చూద్దాం" అన్నాడు. సరే అన్నాను.

ఈమధ్య బండ్లున్నవాళ్లు ఇది చదివి మీటర్ విప్పకండి. వాటిలో ఎల్ఈడీలు సర్క్యూట్ బోర్డుకే అతికించి ఉంటాయి, మార్చడానికి హోల్డర్ ఉండదు, ముల్లు ఊడదీస్తే మళ్లీ సరైన చోట కూర్చోబెట్టడం కష్టం, ఎయిర్‌బ్యాగ్ లైటు జోలికి అసలు పోవద్దు. పాత బండి ఉండి, మీటర్ మసకేస్తే, ఎల్ఈడీ తప్పనిసరి ఏమీ కాదు, కొత్త మామూలు బల్బు పెట్టినా పనైపోతుంది. ఎల్ఈడీయే కావాలంటే పసుపు తీసుకోండి, వెలుగు బల్బుల దగ్గర ఆగండి. అలాగే, మీటర్ బాగుందని హెడ్‌లైట్‌లో కూడా చౌక ఎల్ఈడీ దూర్చకండి దయచేసి, మామూలు బల్బుకని చేసిన రిఫ్లెక్టర్‌లో అది వెలుగుని ఎటు పడితే అటు చిమ్ముతుంది, ఘాట్‌లో ఎదురొచ్చేది నేనే అవ్వచ్చు.

ముసలాయన షెడ్డు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా మూసేస్తాడు, అడిగినా తీయడు, లోపల మడత మంచం మీద పడుకునే ఉంటాడు. పొద్దున్నే వెళ్లండి. పాత బల్బులు మీవి మీరు సీసాలో వేసి పట్టుకెళ్లండి.